పలువిధముల పిల్లలు – పంతుళ్ల శిక్షణము

గ్రామపెద్దలారా,

సంక్రాంతి వెళ్లిన కొలది దినములకే మన మెట్టపొలములలో మిరపకోత ముమ్మరమగును. ప్రత్తిపాడు మొదలు చిలకలూరిపేట, నరసరావుపేట, వినుకొండ వఱకును, ఇటు పర్చూరు, అద్దంకి, దర్శి సీమలలోను కల్లములు ఎఱ్ఱబడును. ఆ దినములలోనే కర్నూలు పడమటి మండలములనుండియు, తెలంగాణమునుండియు కూలివారు కుటుంబములతో తరలివచ్చి చేలగట్లమీద గుడిసెలు వేసికొందురు. వారి వెంట పిల్లలును వత్తురు. వారిలో పెద్దవారు కోతకు పోదురు. చిన్నవారు చంటిపిల్లలను కాచుచుందురు. పంతులు గుడిసెకు పోయి పిలిచినచో ఏ నలుగురైదుగురో బడికి వత్తురు. ఆ నలుగురు వచ్చి గుమ్మమున నిలిచినపుడు లోపలి పిల్లలు ఏమనుకొందురు, పంతులు వారిని ఎచ్చట కూర్చుండబెట్టును, ఏ పేరుతో పిలుచును – ఈ చిన్న సంగతులను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

విషయమునకు పెద్ద పేరు ఒకటి కలదు. పలుకులములు, పలుమతములు, పలుభాషలు గల తరగతిలో సహనమును పెంపొందించుటకు ఉపాధ్యాయులను తరిఫీదు చేయుట అని విద్యాశాఖవారందురు. ఇది శాఖవారి పని, మాకేల యని మీకు తోచవచ్చును. మీకేల యన్నది చెప్పుటకే ఈ ప్రసంగము.

మొదట మన బడిలో ఎవరున్నారో చూతము. పల్నాటి గ్రామమున ఒక ప్రభుత్వపాఠశాలను తీసికొనుడు. రైతుల పిల్లలు కొందఱు, మాలపల్లె మాదిగపల్లెల పిల్లలు కొందఱు, తండానుండి వచ్చు సుగాలి పిల్లలు, రాళ్లుకొట్టు వడ్డెరల పిల్లలు, తురకల పిల్లలు, దూదేకులవారి పిల్లలు. సముద్రపుటొడ్డునకు పోయినచో యానాదులు, ఎఱుకలవారు చేరుదురు. ముప్పదిమంది పిల్లలు, పది తీరుల ఇండ్లు. ఇంక కలిగినవారి పిల్లలు ఉదయముననే పసుపుపచ్చ బస్సెక్కి పట్టణపు కాన్వెంటుకు పోవుచున్నారు. మీలో పలువురి మనుమలు ఆ బస్సులోనే యుందురు, అందు తప్పులేదు. అయితే ఆ కాన్వెంటులలోను నాలుగవవంతు స్థానములను బీదలకును వెనుకబడినవారికిని ఈయవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. మన రాష్ట్రమున ఆ నిబంధన ఇటీవలి సంవత్సరములలో అమలునకు వచ్చినది. కాబట్టి బస్సెక్కినను ఎక్కకున్నను పిల్లవాని ప్రక్కన కూర్చుండువాడు తన వీధివాడే కానక్కఱలేదు.

సహనము అను మాటయందు నాకొక చిక్కు కనిపించుచున్నది. మనము తలనొప్పిని సహింతుము, ఎండను సహింతుము, అత్తగారి మాటను సహింతుము. సహించుట యనగా ఇష్టములేనిదానిని ఓర్చుకొనుట. పదియేండ్ల పిల్లను ఆమె తోడి విద్యార్థులు ఓర్చుకొనవలసిన వస్తువుగా తలంచుట ఏమి మర్యాద? ఐనను వేఱొక మాట వాడుకలోనికి వచ్చువఱకు దీనితోనే పని గడుపుకొందము. నా భావము ఇది: ఒక పిల్లవాడు బడిగడప దాటినప్పుడు తన కులమును, మతమును, భాషను బయట విడిచి రానక్కఱలేదు, అవి లోపల తనకు అడ్డును కాగూడదు.

ఇది మన సీమకు క్రొత్త ప్రశ్న కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో బడుల లెక్క తీయుమని జిల్లాల కలెక్టరులకు ఉత్తరువు వేసెను. గుంటూరు మండలమునుండి పోయిన లెక్కలో అయిదువందలకు మించిన వీధిబడులు కనిపించినవి. ఆ పట్టికలో పిల్లలను కులముల వరుసలుగా విభజించి చూపిరి. ఎవరెవరు చదువుకొనుచున్నారో తెలియుటకు ఆ వరుసలు పనికివచ్చెను. కాని బడిపట్టీలో కులపువరుస అంత పురాతనమైనదని దీనివలన మనకు తెలియుచున్నది.

1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ ఒంగోలున స్థిరపడెను. పై కులములవారు కొందఱు తమ పిల్లలను ఆయన బడికి పంపిరి. పిదప మాదిగలు ఆయన సంఘములో చేరుచుండగా పై కులములవారు తమ పిల్లలను మానిపించుకొనిరి. ఆనాడు ఇరుప్రక్కలవారిని ఒక చాపమీద కూర్చుండబెట్టు విద్య ఎవ్వరికిని తెలియదు. మిషనువారు ఒక తెగవారితో ముందుకు సాగిరి. రెండవ తెగవారు వేఱు బడులు చూచుకొనిరి. దొరతనమువారును ఈ మార్గమునే యెంచుకొని పంచముల కని ప్రత్యేకపాఠశాలలను పోషించిరి. వేఱు బడులవలన అక్షరములు వచ్చినవి. అది చిన్న మేలు కాదు. కాని కలిసి కూర్చుండుట యను పాఠము వాయిదాపడెను.

ఆ కాలపు బడులలో చదివినవారిలో ఒకని కథ మీకందఱకును తెలిసినదే. అయినను మన విషయమునకు ఆయనను మించిన సాక్షి లేడు. గుఱ్ఱం జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించెను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇల్లు క్రైస్తవుల ఇల్లు. పద్యము వ్రాయుటకు వచ్చిన పిల్లవానిని హిందువులు అంటరానివాడనిరి. పురాణకథలు వ్రాయుచున్నాడని తన మతమువారు కొందఱు ఆక్షేపించిరి. రెండు గడపలయందును ఆయనకు నిలువ చోటు దొరకలేదు. అంతవఱకు అందఱును చెప్పుకొందురు. ఎక్కువగా చెప్పుకొననిది ఆయన ఉద్యోగము. ఆయన మొదట మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతముపై పనిచేసెను. తరువాత గుంటూరున లూథరన్ సంఘమువారు నడపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదియేండ్లు బోధించెను. 1928 మొదలు 1942 వఱకు గుంటూరులోనే ప్రభుత్వ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడుగా నుండెను. 'గబ్బిలము' 1941లో వచ్చినది. అనగా పంతులుగా నున్న దినములలోనే. 1957 మొదలు 1959 వఱకు మద్రాసు రేడియోకేంద్రమున ఆయన కార్యక్రమ నిర్మాత. నేడు మనము ముచ్చటించు ఈ సాధనముతోను ఆయనకు చుట్టఱికము కలదు.

పంతుళ్లను తయారుచేయు బడిలో జాషువ పదియేండ్లు నిలువబడెను – ఈ ఒక్క సంగతిమీద నేను పలుమార్లు తలపోసితిని. ఆయన చేతికిందనుండి వెళ్లిన యువకులు మన పల్లెలలో పలకలు దిద్దించిరి. తాను బాల్యమున అనుభవించినదానిని వారికి ఏ విధముగ చెప్పెనో మనకు తెలియదు. శిక్షణపాఠశాలల పాఠ్యక్రమములలో అట్టి అంశమునకు ఆనాడు తావు లేదు. వ్యాకరణమునకు తావున్నది, గణితమునకు తావున్నది, నల్లబల్లమీద వ్రాయు పద్ధతికి తావున్నది. వెనుక వరుసలో ఒంటరిగా కూర్చున్న పిల్లవానిని చూచుటకు తావు లేదు. దానిని కల్పించుటకు మఱి యేబది ఏండ్లకు పైగా పట్టినది.

ఈలోగా చట్టములు మాఱెను. 1950లో రాజ్యాంగముయొక్క 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించినది. 1955లో దానిని శిక్షార్హము చేసిరి. వేఱుబడులు పోయి ఒకటే బడి వచ్చినది. పిల్లలందఱు ఒకే కప్పుక్రింద చేరిరి. పని పూర్తియైనదని పెద్దలు తలచిరి. అటుపిమ్మట ఏమి జరిగెనో మన జిల్లాలకు చెప్పనక్కఱలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆఱుగురు దళితులు హతులైరి; గొడవ చెఱువునీటికడ మొదలైనది. బ్రతికినవారు చీరాలకు పోయి శిబిరములో తలదాచుకొనిరి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనమండుగురు హతులైరి; అచ్చటి కలహము సినిమాహాలులో కాలు తగులుటతో మొదలైనది. కారంచేడు పిమ్మట 1989లో పార్లమెంటు అత్యాచారముల నిరోధక చట్టమును చేసినది.

ఈ పేర్లు ఎత్తగానే కొందఱికి కష్టముగా నుండునని నాకు తెలియును. మానుచున్న పుండును గీకుట నా యుద్దేశము కాదు. నేనడుగునది ఇంతే: ఆ ఘటనలనాటికి ఒకటే బడి వచ్చి ముప్పదియేండ్లు దాటినది. ఆ యూళ్లలో ఇరుప్రక్కల యువకులలో చదివినవారు కలరు. బడి వారిని ఒక గదిలో కూర్చుండబెట్టెను. పది సంవత్సరములు ప్రక్కప్రక్క కూర్చుండియు ఒకరి యింటి సంగతి ఒకరికి తెలియకుండ పోవచ్చునా? పోవచ్చును. పంతులు పూనుకొననిచో తప్పక పోవును.

ఇప్పుడు పంతుళ్ల తరిఫీదునకు వత్తము. 1986 జాతీయ విద్యావిధానము పిమ్మట జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ ఏర్పడినది. వాడుకలో డైట్ అందుము. గుంటూరు సీమకు చిలకలూరిపేట దారిలో బోయపాలెమునను, ప్రకాశము జిల్లాకు మైనంపాడునను ఇవి కలవు. ప్రాథమికపాఠశాలల ఉపాధ్యాయులు కాగోరువారు రెండేండ్లు చదువుదురు. ఉద్యోగములోనున్నవారికి వేసవి శిక్షణలును, స్కూల్ కాంప్లెక్సు సమావేశములును జరుగుచుండును. వీనియందు సమానత్వము, సమ్మిళిత విద్య మున్నగు శీర్షికలు ఇప్పుడు కలవు. అంతవఱకు మెచ్చదగినదే. కాని నేను చూచినంతవఱకు ఈ అంశమును ఉపన్యాసముగా చెప్పి ముగించుటయే యెక్కువ. అందఱును సమానులే యని ఒకరు చెప్పుదురు, అందఱును వ్రాసికొందురు, టీ త్రాగి ఇంటికి పోదురు. కులము తప్పని ఎఱుగని పంతులు ఎవడు? పరీక్షలో ఆ సమాధానము అందఱును సరిగానే వ్రాయుదురు. తప్పు మాటలో లేదు, చేతి అలవాటులో నున్నది.

ఈ సంగతిని శాస్త్రజ్ఞులు చక్కగా పరీక్షించిరి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే యను నిద్దఱు ఉత్తరప్రదేశపు గ్రామములలో ఆఱు ఏడు తరగతుల బాలురకు చిక్కుదారుల బొమ్మలనిచ్చి, దారి కనిపెట్టినవారికి కొద్ది పైకము బహుమానముగా నిచ్చిరి. కులమాటయే ఎత్తనప్పుడు పై కులముల బాలురును, క్రింది కులముల బాలురును ఇంచుమించు సమానముగా చేసిరి. తరువాత ప్రతి బాలుని పేరు, ఊరు, తండ్రిపేరు, కులము అందఱియెదుట చదివి, అదే పని చేయించిరి. క్రింది కులముల బాలురు వెనుకబడిపోయిరి. బొమ్మలు మాఱలేదు, బుద్ధులు మాఱలేదు. గదిలో ఒక మాట పలికిరి, అంతే. ఈ పరిశోధన 2006లో అచ్చుపడినది.

2012లో అచ్చైన మఱియొక పరిశోధన ఇంకను వింతయైనది. రీమా హన్నా, లీ లిండెన్ అనువారు పరీక్షాపత్రములమీద కులములను తమ యిచ్చవచ్చినట్లు మార్చి వ్రాసి, మన దేశపు ఉపాధ్యాయులచేత దిద్దించిరి. క్రింది కులము వ్రాసియున్న పత్రములకు మార్కులు కొంచెము తగ్గెను. తేడా కొద్దియే, కాని యున్నది. ఆ తేడా ప్రధానముగా ఎవరి చేతినుండి వచ్చెను? క్రింది కులములకు చెందిన ఉపాధ్యాయుల చేతినుండియే. తరతరములుగా విన్న మాట తన పిల్లలమీద తన చేతనే మార్కులు కోయించుచున్నది. కావున ఈ తరిఫీదు ఫలానా కులపు పంతుళ్లకు మాత్రమే కావలెననుట పొరపాటు.

ఇట్టి మాటలకు నా యనుభవము ఒకటి చెప్పుట న్యాయము. నేను క్రొత్తగా ఉద్యోగమునకు వచ్చినప్పుడు ఒక పల్లెబడిలో ఉపకారవేతనముల దరఖాస్తులు పూర్తిచేయవలసివచ్చెను. సాయంకాలములోగా జాబితా పంపవలెను. నేను తరగతిలో నిలిచి, "షెడ్యూల్డు కులములవారు లేచి నిలబడుడు" అంటిని. ఆఱుగురు లేచిరి. పేర్లు వ్రాసికొంటిని. లెక్కలు బాగుగా చేయు పిల్లవాడొకడు కిటికీప్రక్కన కదలకుండ కూర్చుండెను. వాడు ఆ పల్లెవాడేనని నాకు తెలియదు; తెలిసికొనుటకు యత్నింపలేదు. ఆ యేడు వాని వేతనము పోయెను. నెల తరువాత వాని తండ్రి, పొలమునుండి నేరుగా, తలగుడ్డ చేతబట్టుకొని వచ్చెను. కోపముగా మాటాడునేమో యనుకొంటిని. ఆయన అన్నది ఇది: "వాడు లెగవలేదంట గదా పంతులుగారూ. డబ్బులు పోతే పోయినయ్. పేరుపెట్టి పిలిస్తే వొచ్చేవోడు గదండీ."

రెండేండ్ల శిక్షణలో ఈ ఒక్క మాట నాకెవ్వరును చెప్పియుండలేదు.

పిల్లవానిని ప్రక్కకు పిలిచి అడుగుట, లేదా బడిలో చేరినప్పటి రికార్డు చూచి వ్రాసికొనుట – ఇందు కష్టమేమున్నది? ఏమియు లేదు. మంచి శిక్షణమంతయు ఇట్టి అల్పవిషయములలోనే కలదు. చీపురు ఎవరి చేతికిచ్చుచున్నాము? మంచినీటి కుండ ముంచి పోయువారెవరు? సుద్దముక్కల డబ్బా పోయిన దినమున పంతులు చూపు మొదట ఎవరిమీద వాలుచున్నది? ఈ చివరి ప్రశ్న బాపట్ల ప్రాంతమువారికి బాగుగ తెలియును. స్టువార్టుపురమును 1913 ప్రాంతమున ఎఱుకలకుటుంబములకు సెటిల్‌మెంటుగా నేర్పఱచిరి. పుట్టుకతోడనే నేరస్థులని ముద్రవేసిన చట్టము 1871లో పుట్టి 1952లో రద్దైనది. చట్టము రద్దైనను ఆ యూరిపేరు చెప్పిన పిల్లవానిని తోటివారు వెక్కిరించుట రద్దుకాలేదు. జాషువ కుమార్తె హేమలత, ఆమె భర్త లవణము అచ్చటనే యేండ్లతరబడి పనిచేసిరి; తండ్రి పద్యములలో అన్నదానిని కుమార్తె ఇల్లిల్లు తిరిగి చేసెనని నాకు తోచును.

భాషసంగతియు ఇట్టిదే. తండానుండి క్రొత్తగా వచ్చిన సుగాలిపిల్ల "యాడి" అని యేడ్చును. మన చెవికి అది ఎక్కడికో పోవుమాటవలె వినబడును. ఆ పిల్ల పిలుచుచున్నది తల్లిని. లంబాడీలో తల్లిని యాడి యందురు, తండ్రిని బా యందురు, నీటిని పాణి యందురు. ఈ మూడు మాటలు నేర్చుటకు పంతులునకు మూడు నిమిషములు పట్టునేమో. నేర్వని పంతులు ఆ పిల్ల మొద్దని పుస్తకములో వ్రాయును. 2004 మొదలు మన రాష్ట్రమున ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమిక బోధనకు పుస్తకములు తయారుచేసిరి. లంబాడీ వానిలో నొకటి. మైదానపు తండాలకు ఆ యేర్పాటు అంతగా అందలేదు. కోసిగి, ఆదోని ప్రాంతములనుండి మిరపకోతకు వచ్చువారి తెలుగులో కన్నడపు పలుకుబడి కలదు. ఆ యాసను మన పిల్లలు అనుకరించి నవ్వుదురు. పంతులు కూడ నవ్వినచో ఆ పిల్లవాడు మఱుసటిదినము రాడు. వాడేల రాలేదో హాజరుపట్టీ చెప్పదు.

మతముకడ ఇంకను జాగ్రత్త వలయును. షెడ్యూల్డు కులముల జాబితా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు వర్తించును. క్రైస్తవముపుచ్చుకొన్న దళితులను మన రాష్ట్రమున బి.సి. – సి వర్గముగా లెక్కింతురు. ఈ కారణమున బడిపుస్తకములో ఒక పేరు, ప్రార్థనామందిరమున మఱియొక పేరు గల పిల్లలు మన పల్లెలలో కలరు. "నీ అసలు పేరేమిరా?" అని తరగతిలో నవ్వుచు అడుగు పంతులు, తాను చతురుడననుకొనుచున్నాడు, పిల్లవానికి ఆ ప్రశ్న ఇంటి గుట్టును, ఇంటి భుక్తిని బజారున పెట్టినట్లగును. రంజాను నెలలో ఉపవాసమున్న పిల్లను భోజనపు వరుసలో బలవంతముగ నిలుపుటయు, అన్యమతపు పండుగను హేళనచేయుటయు ఇట్టివే. అడుగవలసినది అడుగుట, అడుగరానిది విడుచుట – ఈ వివేకము పుట్టుకతో రాదు. సాధనచేతనే వచ్చును.

ఆ సాధన యెట్లు? అమెరికాలోని ఐయోవా రాష్ట్రమున రైస్‌విల్ అను చిన్న యూరిలో జేన్ ఎలియట్ అను పంతులమ్మ 1968 ఏప్రిల్ 5న, మార్టిన్ లూథర్ కింగ్ హతుడైన మఱునాడు, తన మూడవ తరగతి పిల్లలను కన్నుల రంగునుబట్టి రెండుగా విభజించెను. నీలికన్నులవారు మేలైనవారని ఒకదినము చెప్పెను. తరువాత దానిని తిరుగవేసెను. తక్కువవారనిపించుకొన్న పిల్లలు గంటలలో డీలాపడిరి, చదువులోను వెనుకబడిరి. ఈ ప్రయోగము ప్రసిద్ధి కెక్కినది. పసిపిల్లలమీద అట్టి ప్రయోగము చేయరాదని నా యభిప్రాయము; మన పిల్లలకు అవమానపు రుచి క్రొత్తగా చూపనక్కఱలేదు. శిక్షణకు వచ్చిన పెద్దలచేత, వారి సమ్మతితో, ఒక పూట చేయించినచో మేలు. వెనుకబల్లమీద కూర్చుండి, చేయియెత్తినను పిలుపు రాక, ఒక్క పూట గడపిన పంతులు, అటువంటి పది ఉపన్యాసములవలన నేర్వనిది నేర్చును.

పిల్లలకు వేఱొక మార్గము కలదు. 1971లో టెక్సాసు రాష్ట్రమున ఆస్టిన్ నగరపు బడులలో తెల్లవారి, నల్లవారి, మెక్సికనుల పిల్లలను క్రొత్తగా ఒకచోట చేర్చినపుడు తగవులు రేగినవి. ఎలియట్ ఆరన్‌సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక యుపాయము పన్నెను. పాఠమును ముక్కలుచేసి, గుంపులోని యొక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చుట. ప్రతివాడును తన ముక్కను తక్కినవారికి బోధించుట. పరీక్ష మాత్రము మొత్తము పాఠముమీద. ప్రక్కవాడు చెప్పినది వినకున్నచో తనకే మార్కు పోవును. కొన్ని వారములలో పిల్లలు ఒకరినొకరు మెచ్చుకొనజొచ్చిరి.

ఇది మనకు కొఱుకుడుపడని విద్య కాదు. మిరపపంటను పాఠముగా తీసికొనుడు. నారుమడి, మందుల సంగతి రైతుబిడ్డకు తెలియును. కోత, తాలుకాయ ఏఱుట, తొడిమ తీయుట – వీనిని కర్నూలునుండి వచ్చిన పిల్లను మించి చెప్పగలవారు లేరు. ఆమె వ్రేళ్లకు ఆ మంట తెలియును. గుంటూరు యార్డులో టిక్కీ ఎంత బరువుండునో, ఎట్లు దించుదురో హమాలీ కొడుకు చెప్పును. ధర యెట్లు పలుకునో వర్తకుని యింటివాడు చెప్పును. నలుగురు చెప్పినగాని పాఠము పూర్తికాదు. ఆ పూట గుడిసెనుండి వచ్చిన పిల్ల బడిలో ఒక విషయమునకు పండితురాలు. దీనికి సర్కారు నిధులు కావలెనా? పంతులు ముందురాత్రి ఒక గంట ఆలోచించుకొనవలెను, అంతే. అట్లు ఆలోచించుట నేర్పునది మంచి శిక్షణము.

కలిసియుండుటవలన కలిగినవారి పిల్లలు చెడిపోదురను భయము ఒకటి కలదు. ఢిల్లీ ప్రైవేటు బడులలో బీదపిల్లలతో కలిసి చదివిన సంపన్నుల పిల్లలను గౌతం రావు పరిశీలించి 2019లో ప్రకటించెను. వారు ఇతరులకు సాయపడుటలో ముందుండిరి, బీదలను చిన్నచూపు చూచుట తగ్గెను. చదువు మొత్తముమీద చెడలేదు.

ఇక మీ సంగతి. శిక్షణనుండి తిరిగివచ్చిన పంతులు ఎవరికి భయపడును? పై యధికారికి కొంత; మీకు ఎక్కువ. మధ్యాహ్న భోజనమునే చూడుడు. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు వండిన భోజనము పెట్టుమని ఆజ్ఞాపించెను. మన రాష్ట్రమున 2003లో ఆరంభమయ్యెను. 2004లో వంటపనికి దళితులను, గిరిజనులను ముందుగా తీసికొనుడని అదే కోర్టు చెప్పెను. ఎన్నియో యూళ్లలో ఆ పని సాఫీగా సాగినది. కొన్ని యెడల, ఫలానా ఆమె వండినచో మా పిల్లలు తినరని పెద్దమనిషి కబురు పంపును. ఆ కబురు వచ్చిన దినమున పంతులు నేర్చిన శిక్షణమంతయు నూతిలో పడును. బదిలీ భయము, ఊరిలో ఇల్లు అద్దెకు దొరకదను భయము, కుటుంబము. అతడు మెల్లగా రెండు వరుసలు వేయించును. పిల్లలు చూచుచునేయుందురు, వారికి ఆ దినము చెప్పిన పాఠము అదియే.

మఱియొక యూరిలో పెద్దలు అటువంటి కబురు రాగానే తామే బడికి పోయి, పిల్లలతో బంతిని కూర్చుండి, ఆమె వండిన పప్పు, అన్నము తినిరి. నేను ప్రత్యక్షముగా చూచితిని. ఒకాయన పప్పులో ఉప్పు తక్కువైనదని వంకపెట్టెను. వండిన ఆమె నవ్వి ఉప్పు తెచ్చి వడ్డించెను. తరువాత ఎవ్వరును ఆ మాట ఎత్తలేదు. ఆ యూరి పంతులునకు ఏ శిక్షణమును అంత బలమీయలేదు.

విద్యాహక్కు చట్టము బడికొక యాజమాన్యసంఘము నేర్పఱచినది. అందు మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను, సగము స్త్రీలుండవలెను, వెనుకబడినవారికి వారి పాలు ఉండవలెను. ఆ చట్టమే 17వ సెక్షనులో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించెను. 8, 9 సెక్షనులలో బలహీనవర్గముల పిల్లవానిపట్ల భేదము చూపరాదనెను. మీలో సంఘసభ్యులు కానివారును బడికి పోవచ్చును. పోయినపుడు ఎందఱు పాసైరను ప్రశ్నతోపాటు మఱికొన్ని అడుగుడు. వేసవిశిక్షణలో ఈ యేడు ఏమి నేర్చితిరి, ఏది మన బడిలో చేసి చూచితిరి, దేనికి మావలన అడ్డు వచ్చినది? ఈ మూడవ ప్రశ్న పంతులు మీనుండి ఎదురుచూడడు. జవాబునకు కొంత కాలమీయుడు. మొదటిసారి ఏమియు లేదండీ యనును.

మిరపకోత నాటికి వచ్చు పిల్లల సంగతి జూనులోనే మాటాడుకొనుట మేలు. వారి సొంతయూళ్లలో సీజనల్ హాస్టళ్లు నడుపుచున్నను కొందఱు తల్లులవెంట వచ్చుచునేయుందురు. ఏ రైతు చేలో ఎన్ని గుడిసెలు పడునో పంతులునకంటె మీకే ముందు తెలియును. ఆ లెక్క ఆయనకీయుడు. పిల్లలు వచ్చినపుడు వారిని కూర్చుండబెట్టు చోటును, వారికి తోడుగా నుండు పిల్లలను ఆయన ముందుగా యోచించుకొనును. బడిలో పళ్లెములు ఎన్ని యున్నవో కూడ చూచుకొనుడు. జనవరిలో చాలకపోయినచో క్రొత్తగా వచ్చినవారికే విస్తరాకులు వేయుదురు.